కొంచెము కొంచెముగా

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 23:27–30, నెహెమ్యా 4:1–10, 6:15, యాకోబు 5:7, 8



ఒక శుక్రవారపు కూడిక ముగిసి అందరు ఇండ్లకు వెళ్లిన తరువాత, మా సంఘములోని ఒక సహోదరి మందిరపు అరుగుమీద ఒంటరిగా కూర్చుండియుండెను. ఆమెకు యేబది యేండ్లు దాటినవి. అంతకు అయిదు నెలల ముందు, రక్తములో చక్కెర ఎక్కువగా ఉన్నదని డాక్టరుగారు చెప్పి, మాత్రలు వ్రాసి, 78 కిలోల బరువును తగ్గించుకొనవలెనని హెచ్చరించిరి. ఆమె ఆ మాట శ్రద్ధగా వినెను. రాత్రి అన్నము తగ్గించెను. టీలో పంచదార మానెను. తెల్లవారుజామున చెరువుకట్టమీద నడిచెను. మొదటి నెలలో మూడు కిలోలు, తరువాతి రెండు నెలలలో రెండు కిలోలు తగ్గెను. ఆ పిమ్మట కాటా ముల్లు 73 వద్ద నిలిచిపోయెను.

మమ్మును చూచి ఆమె కన్నీళ్లు తుడుచుకొని ఇట్లు చెప్పెను: “అయ్యగారండీ, నోరు కట్టుకున్నానండీ, ప్రార్థన చేసుకున్నానండీ. రెండు నెలలనుంచి ముల్లు కదలడం లేదండీ. దేవుడు నా మొర వినడం మానేశాడేమోనండీ. ఇంక నావల్ల కాదండీ.”

ఆ వారమంతయు ఆమె నడకకు వెళ్లలేదనియు, రెండు దినములు మాత్రలు సహితము మానెననియు తరువాత తెలిసినది. ఆమె తల్లి ఇదే వ్యాధివలన పాదమునకు పుండుపడి, అది మానక, కాలు పోగొట్టుకొని మరణించెను. కావున ఇది చిన్న సంగతి అని మేము ఆమెను పంపివేయలేకపోతిమి. ఈ నెల పాఠమునకు ఆమె ప్రశ్నయే మూలము.

ఇది సంఘపత్రికలో వ్రాయదగిన సంగతియా అని కొందరు అడుగవచ్చును. మన శరీరము పరిశుద్ధాత్మకు ఆలయమనియు, అది మన సొత్తు కాదనియు, విలువపెట్టి కొనబడినదనియు పౌలు కొరింథీయులకు బోధించెను (1 కొరింథీ. 6:19, 20). మందిరపు గోడ బీటవారినచో మనము చందా పోగుచేసి బాగుచేయుదుము. దేవుడు నివసించు ఈ ఆలయము బీటవారుచుండగా ఊరకుండుట న్యాయము కాదు. ఇప్పుడు మన పల్లెలలో చక్కెరవ్యాధి, రక్తపు పోటు, మోకాళ్ల నొప్పులు లేని వీధి కనబడుట అరుదు. మేమును ఇదే బాటలో నడుచుచున్నవారమే గనుక పైనుండి బోధించుటలేదు. ప్రక్కన నడుచుచు మాటలాడుచున్నాము.

1. దేవుడు ఒక్క సంవత్సరములో ఏల చేయలేదు?

ఇశ్రాయేలీయులను కనాను దేశములోనికి నడిపించు దినములలో దేవుడు వారికి ఒక సంగతి ముందుగానే తెలియజేసెను. శత్రువులను ఒక్క యేటనే తరిమివేయననియు, ప్రజలు వృద్ధిపొంది దేశమును నిలుపుకొనగల వరకు కొంచెము కొంచెముగా తొలగింతుననియు చెప్పెను. కారణమును కూడ చెప్పెను. అంతయు ఒక్కసారిగా ఖాళీయైనచో దేశము బీడుపడును, అడవిమృగములు ప్రబలును. ద్వితీయోపదేశకాండము 7:22లో మోషే అదే సంగతిని మరల జ్ఞాపకము చేసెను.

ఈ మాట మన శరీరపు బరువును గూర్చి వ్రాయబడినది కాదు. అట్లు బోధించుట వాక్యమును వంచుట యగును. అయినను దేవుడు పనిచేయు రీతి ఇక్కడ కనబడుచున్నది. ఎర్రసముద్రమును ఒక్క రాత్రిలో పాయలు చేసినవాడు కనానును ఒక్క దినములో ఇయ్యలేడా? ఇయ్యగలడు. అయితే నిలుపుకొనుటకు బలము లేనివారికి ఒక్కసారిగా ఇచ్చినది నిలువదు. రైతు సోదరులు దీనిని సులభముగా గ్రహింతురు. సేద్యము చేయగల చేతులు లేక విడిచిన చేనిలో మొదట తుప్పలు మొలచును, పిమ్మట అడవిపందులు దిగును. ఆలస్యము ఎల్లప్పుడును నిరాకరణ కాదు. కొన్నిసార్లు సంపాదించినదానిని నిలుపుకొనుటకు అదియే సమయము.

2. శరీరములో జరుగుచున్నదేమి?

మొదటి నెలలో తగ్గిన బరువంతయు కొవ్వు కాదు. మన కాలేయములోను కండలలోను కొంత పిండిపదార్థము నిలువయుండును. దానితోకూడ దానికి మూడంతల నీరును ఉండును. భోజనము తగ్గించినప్పుడు ఈ నిలువ ఖర్చగును, నీరు బయటకు పోవును. అందువలన ముల్లు మొదట వేగముగా దిగును. ఆ పిమ్మట కొవ్వు కరగుట ఆరంభమైనప్పుడు ఆ వేగముండదు.

లెక్క చూడుడి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీల శక్తి యున్నది. ఒక కప్పు వండిన అన్నములో సుమారు 200 క్యాలరీలుండును. దినమునకు ఒక కప్పు అన్నము మానినయెడల ఒక కిలో కొవ్వు తగ్గుటకు ముప్పది ఎనిమిది దినములు పట్టును. అయితే ఊరగాయ ఎక్కువ తిన్న మరునాడు ఉప్పు నీటిని పట్టియుంచుటచేత బరువు ఒక కిలో పెరిగినట్లు కనబడవచ్చును. అనగా నెలదినముల కష్టమును ఒక్కపూట ఊరగాయ మన కన్నులకు మరుగుచేయగలదు. కష్టము పోలేదు, కనబడలేదు, అంతే.

మరియొక సంగతి. 78 కిలోల దేహమును మోయుటకు కావలసినంత ఆహారము 73 కిలోల దేహమునకు అక్కరలేదు. మొదట బరువును తగ్గించిన అదే భోజనము ఇప్పుడు సరిపోవు భోజనమగును. అంతేగాక మనము డాక్టరుగారి మాట వినుచున్నామని శరీరము ఎరుగదు. కరవు వచ్చినదని తలంచును. ఖర్చు తగ్గించుకొనును, ఆకలిని పెంచును. ఈ గుణమును దేవుడే దానిలో పెట్టెను; మన తాతలు కరవుకాటకములను దాటి బ్రదికినది దీనివలననే. కావున ముల్లు నిలిచినప్పుడు మీరు పాపము చేసితిరని గాని, దేవుడు మిమ్మును విడిచెనని గాని తలంపకుడి.

ఇక అతివేగముగా తగ్గవలెనని పస్తులుండువారి సంగతి ఏమి? కొవ్వుతోపాటు కండయు కరగును, పిత్తాశయములో రాళ్లు ఏర్పడు ప్రమాదము పెరుగును. మరల భోజనము చేయగానే బరువు తిరిగివచ్చును. పోయిన కండ అంత సులభముగా రాదు. ఖాళీచేసిన దేశములోనికి అడవిమృగములు వచ్చుట ఇట్టిదే.

3. సగము గోడ యొద్ద అలసట

యెరూషలేము ప్రాకారమును కట్టినవారు ఎప్పుడు అలసిపోయిరో గమనించుడి. మొదటి దినమున కాదు. గోడ సగము ఎత్తునకు లేచినప్పుడే, మోయువారి సత్తువ ఉడిగినదనియు, చెత్త చాలయున్నదనియు, ఇక కట్టజాలమనియు యూదావారు పలికిరి. ఆరంభములో ఉత్సాహముండును. ముగింపు దగ్గర సంతోషముండును. నడుమ ఈ రెండును ఉండవు. పైగా టోబీయావంటివారి ఎగతాళి యుండును. ఆ గోడమీదికి నక్క ఎక్కినను పడిపోవునని అతడు నవ్వెను. “ఇంత నడిచినా నువ్వేం తగ్గావమ్మా?” అని నవ్వు ఇరుగుపొరుగువారు మనకును కలరు.

మేమును సగము గోడ యొద్ద పడినవారమే. ముల్లు కదలని ఒక నెలలో, ఒక పెండ్లి విందునందు, “తినకపోయినా తగ్గుటలేదు, తిన్ననేమి?” అని మనసులో అనుకొని, కడుపు పట్టనంత తింటిమి. ఒక్కపూట భోజనము మా పనిని పాడుచేయలేదు. ఆ పిమ్మట పది దినములు సిగ్గుచేత నడక మానుటయే పాడుచేసినది. ఒక రాయి జారిపడినందుకు గోడ కట్టుట మానితిమి. నెహెమ్యా అట్లు చేయలేదు. ప్రార్థించెను, కావలివారిని నిలిపెను, రాతిమీద రాయి పేర్చుచునే యుండెను. యేబది రెండవ దినమున గోడ పూర్తియాయెను.

4. ముల్లు చూపని మేలు

చెన్నైలోని వైద్యులు నడిపిన ఒక పరిశోధన 2006లో ప్రకటింపబడినది. చక్కెరవ్యాధి అంచున ఉన్న 531 మందిని వారు సుమారు మూడేండ్లు గమనించిరి. సాధారణ సలహా మాత్రమే పొందినవారిలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చెను. దినమునకు అరగంట నడచి, పంచదార, నూనె తగ్గించి, పీచుగల ఆహారము తిన్నవారిలో నూటికి 39 మందికి మాత్రమే వచ్చెను. ఆశ్చర్యమేమనగా, ఆ నడచినవారి బరువు చెప్పుకొనదగినంత తగ్గలేదు! ముల్లు నిలిచియుండగనే లోపల మేలు జరుగుచుండెను.

రైతు తొలకరికిని కడవరి వానకును కనిపెట్టుననియు, మనమును అట్లే ఓర్పు వహింపవలెననియు యాకోబు వ్రాసెను. విత్తిన మరునాడు మన్ను త్రవ్వి మొలక వచ్చినదా అని చూచు రైతు లేడు. అట్లు చూచినవాని విత్తనము చచ్చును. అనుదినము కాటా ఎక్కి దిగులుపడువారు ఇట్టి రైతును పోలియున్నారు.

5. నిలిచినప్పుడు చేయదగినవి

మొదటిది, వారమునకు ఒక్కసారే, ఒకే దినమున, ఉదయమున పరగడుపున తూచుకొనుడి. తూకముతోపాటు టేపుతో నడుము కొలుచుకొనుడి. మన దేశస్థులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండుట మంచిదని వైద్యులు చెప్పుదురు.

రెండవది, దాగి వచ్చినవానిని వెదకుడి. మొదటి నెలలోని జాగ్రత్త నాలుగవ నెలలో ఉండదు. గరిటెడు నూనె, సాయంకాలపు బజ్జీలు, పిల్లలు విడిచిన ముద్ద తిరిగివచ్చును. మేము ఒక దినమున అయిదు ఇండ్లు దర్శించి అయిదు టీలు త్రాగితిమి. లెక్కింపగా పది చెంచాల పంచదార యాయెను.

మూడవది, కండను కాపాడుకొనుడి. కంచములో అన్నము తగ్గించిన చోట పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, చేప ఉండవలెను. నడకతోపాటు కుర్చీలోనుండి చేతుల ఊత లేకుండ పదిసార్లు లేచి కూర్చుండుటయు మంచి సాధనయే.

నాల్గవది, మాత్రలు మానకుడి. మాత్రలు గాని ఇన్సులిను గాని వాడువారు ఉపవాసదినములలో డాక్టరు నడుగకుండ పస్తుండరాదు. చక్కెర మితిమించి పడిపోయి స్పృహ తప్పవచ్చును. నెలకు పది కిలోలు తగ్గింతుమని పొడులు అమ్మువారిని నమ్మకుడి. ప్రయత్నము లేకయే బరువు తగ్గిపోవుచున్నయెడల సంతోషింపక వెంటనే వైద్యునికి చూపుకొనుడి. క్షయ గాని, అదుపుతప్పిన చక్కెర గాని కారణము కావచ్చును.

అయిదవది సంఘమునకు చెప్పుచున్నాము. “ఈ ఒక్కటి తింటే ఏమవుతుంది?” అని బలవంతము చేయుట ప్రేమ కాదు. మన ప్రేమవిందులలో చక్కెర లేని మజ్జిగయు ఉంచుదము. లావుగా ఉన్నవారిని తిండిపోతులని ఎంచకుందము; నరుడు పైరూపమును చూచును, దేవుడు హృదయమును చూచును గదా (1 సమూయేలు 16:7).

ముగింపు

ఆ సహోదరితో మేము ఆ సాయంకాలము ఈ సంగతులే మాటలాడి ప్రార్థించితిమి. మరునాడు అమ్మగారు ఆమెతోకూడ చెరువుకట్టకు నడిచిరి; ఇప్పుడు నలుగురు స్త్రీలు కలిసి నడుచుచున్నారు. మీరు ఆమె బరువు ఎంత తగ్గినదని అడుగవచ్చును. ఆ తరువాతి మూడు నెలలలో ఒక కిలో మాత్రమే. అయితే మొన్న పరీక్ష చేసిన డాక్టరుగారు చక్కెర అదుపులోనికి వచ్చినదని చెప్పిరి. మునుపు మందిరపు మెట్లయొద్ద ఎవరి చేయియైన పట్టుకొనెడి ఆమె, పోయిన ఆదివారమున మనుమరాలిని ఎత్తుకొని మెట్లెక్కివచ్చెను.

కొంచెము కొంచెముగా ఇచ్చు దేవుడు ఇయ్యని దేవుడు కాడు. నేటి నడక నేడు నడువుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. కనానును ఒక్కసారిగా ఇయ్యకపోవుటకు దేవుడు చెప్పిన కారణమేమి?
2. మన జీవితములో సగము గోడయొద్ద మానివేసిన మంచిపని ఏది?
3. ఆరోగ్యము కొరకు ప్రయాసపడు మన పొరుగువారికి ఈ నెలలో మనము చేయగల సహాయమేమి?

ప్రార్థన

దయగల తండ్రీ, నీవిచ్చిన దేహమును నిర్లక్ష్యము చేసినందుకు మమ్మును క్షమించుము. ఫలము కనబడని దినములలో పని మానకుండ మాకు ఓర్పును దయచేయుము. వ్యాధితో పోరాడు నీ బిడ్డలను బలపరచుము. మా ప్రభువైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.