మూతపడిన నమూనాల అంగళ్లు

అభిరుచికి ఆలంబనం కావాలి. రైళ్లు, ఓడలు, విమానాల చిన్న నమూనాలను అమ్మే దుకాణాలు బ్రిటన్‌లో తరతరాల పిల్లల హస్తకౌశలానికి అటువంటి ఆలంబనమయ్యాయి. లివర్‌పూల్ వాసి ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో మెకానోకు పేటెంటు పొందాడు. రంధ్రాలున్న లోహపు పట్టీలను మరలతో బిగించి వంతెనలు, క్రేనులు నిర్మించే సామగ్రి అది. 1920లో ఆయన సంస్థ బొమ్మ రైళ్లను తెచ్చింది. 1952లో ఎయిర్‌ఫిక్స్ సంస్థ 'గోల్డెన్ హైండ్' నౌక నమూనాను వూల్‌వర్త్స్ దుకాణాల ద్వారా రెండు షిల్లింగులకే అందించింది.

పెద్ద దుకాణం పెట్టెను అమ్మేది. వీధిలోని చిన్న అంగడి దానితోపాటు విద్యను కూడా ఇచ్చేది. 1:72 కొలత అంటే ఏమిటని బాలుడు అడిగితే, ఆ లెక్కన ఆరడుగుల మనిషి అంగుళమే ఉంటాడని వర్తకుడు వివరించేవాడు. జిగురు ఎక్కువైతే ప్లాస్టిక్ కరుగుతుందనీ, రంగును పలుచగా రెండు పూతలు వేయాలనీ చెప్పేవాడు.

కాలక్రమాన కంప్యూటరు ఆటలు పిల్లల తీరికను, అంతర్జాలం కొనుగోలుదారులను ఆకర్షించాయి. 2009 జనవరి నాటికి బ్రిటన్‌లో వూల్‌వర్త్స్ దుకాణాలు, 2013లో మోడల్‌జోన్ దుకాణాలు మూతపడ్డాయి. చిన్న అంగళ్లు ఎన్నో కనుమరుగయ్యాయి. నమూనాలు నేటికీ దొరుకుతున్నాయి, ఇంటికే వస్తున్నాయి. కాని వాటిని కూర్చే మెళకువ చెప్పే మనిషి ఆ పెట్టెలో రాడు.

అర్థాలు: ఆలంబనం = ఆధారం; హస్తకౌశలం = చేతి నేర్పు; మెళకువ = సూక్ష్మమైన నేర్పు.

అభ్యాసం: మీ ఊరిలో మూతపడిన ఒక దుకాణంలో పెద్దలు ఏమి నేర్చుకున్నారో అడిగి తెలుసుకొని, పది వాక్యాలలో రాయండి.