కోఠీ రెసిడెన్సీ: ఒక భవనాన్ని చదవడం ఎలా?

చరిత్ర అనగానే మనకు తారీఖులూ యుద్ధాలూ గుర్తొస్తాయి. కాని ఒక పెద్ద ఇల్లు కూడా గ్రంథం వంటిదే. చదవడం తెలియాలి, అంతే. ఏ పాత భవనం దగ్గరికి వెళ్ళినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ రూపం ఎక్కడిది? డబ్బు ఎవరిది? లోపలికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు? హైదరాబాదులో మూసీనది ఉత్తరపు గట్టున ఉన్న కోఠీ రెసిడెన్సీని ఉదాహరణగా తీసుకుని, ఈ పద్ధతిని విద్యార్థి మిత్రుల ముందుంచుతున్నాను.

రూపం

ఎత్తయిన కొరింథియన్ స్తంభాలు, వాటిపైన త్రికోణపు ముఖభాగం, విశాలమైన మెట్లు, మెట్లకు అటూ ఇటూ రెండు సింహాలు. చూడగానే గుడి అనిపిస్తుంది. నిజమే, అది పురాతన రోమను దేవాలయపు ముఖమే. దాన్ని మనుషులు కాపురముండే ఇంటికి తగిలించినవాడు పల్లాడియో (1508–1580) అనే ఇటలీ వాస్తుశిల్పి. పొలాల మధ్య, తోటల మధ్య ధనికులకు ఆయన కట్టిన విల్లాలను 18వ శతాబ్దంలో ఇంగ్లండు జమీందార్లు అనుకరించారు. ఆ ఫ్యాషన్ ఓడెక్కి మన దేశానికి వచ్చింది. కోఠీకి నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. అంటే ఇటలీ ఊహ, ఇంగ్లండు అభిరుచి, హైదరాబాదు కూలీల చెమట!

డబ్బు

ఇల్లు కట్టించినవాడు 1798 నుంచి 1805 వరకు ఈస్టిండియా కంపెనీ తరఫున ఇక్కడ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఖర్చు మాత్రం నిజాముది. మొదట పెద్ద కాగితం మీద ప్లాను చూపిస్తే నిజాం ఒప్పుకోలేదట. అదే ప్లాను చిన్న కార్డు మీద గీసి చూపిస్తే సరేనన్నాడట! కథ ఎంతవరకు నిజమైనా, అందులోని నీతి నిజం. 1798లో కిర్క్‌పాట్రిక్ నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేయించాడు. 1800 సంధితో కంపెనీ సైన్యం ఖర్చుకింద కడప, కర్నూలు, అనంతపురం, బళ్ళారి ప్రాంతాలు కంపెనీకి పోయాయి. అవే దత్త మండలాలు. ఆ సంధి పక్కన పెట్టి చూస్తేనే ఈ స్తంభాల ఎత్తు మనకు అర్థమవుతుంది.

ద్వారం

కిర్క్‌పాట్రిక్ పెళ్ళాడిన ఖైరున్నీసా హైదరాబాదు ఉన్నత కుటుంబపు పడుచు. పరదా మర్యాద వల్ల ఆమె ఉండేది జనానా మహలులో. ముందువైపు నుంచి భవనం ఎలా ఉంటుందో ఆమె చూడడానికే, జనానా తోటలో దాని చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. ఆ నమూనా ఇప్పటికీ ఉంది. ఆమె మహలు లేదు. ఇంటి యజమాని భార్యకే ఆ ఇంటి ముఖం బొమ్మలో కనిపించిందంటే, ఇక బయటివాళ్ళ సంగతి వేరే చెప్పాలా?

బయటివాళ్ళు 1857 జూలై 17న వచ్చారు. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో చంపేశారు. మౌల్వీని అండమానుకు పంపారు. తరువాత రెసిడెన్సీ చుట్టూ గోడలు మరింత బలపడ్డాయి. తోటను చూసి మురిసే కళ్ళు ఆ గోడను కూడా చూడాలి.

1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఈ ఆవరణలోకి వచ్చింది. ఒక్క దొరకోసం కట్టిన మెట్లు వేలమంది ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని ఎక్కారు. కాలక్రమాన భవనం శిథిలమై, మరమ్మతులు జరిగి, 2023లో తిరిగి ప్రారంభమైంది. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయం అయింది. తరువాత దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొరల గడీని ఎదిరించి తన పంట తాను ఇంటికి తెచ్చుకున్న స్త్రీ పేరు అది.

కొందరు ఇది పరాయివాడి వైభవం, కూలిపోతే పోనీ అంటారు. మరికొందరు అందం చూసి మైమరచి లెక్క అడగరు. నా మట్టుకు రెండూ తప్పే. భవనం కూలితే సాక్ష్యం పోతుంది. ప్రశ్న అడగకపోతే సాక్షి ఉండీ లాభం లేదు. మన ఊళ్ళలో గడీలున్నాయి, కోటలున్నాయి, జమీందారీ బంగళాలున్నాయి. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు వాటిలో ఒకదాని ముందు నిలబడి ఆ మూడు ప్రశ్నలూ అడగండి. ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పింది రాసిపెట్టుకోండి.