పాత పెట్టె, కొత్త కంప్యూటరు

గత విద్యాసంవత్సరాంతమున మన కళాశాల ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో స్టాకు తనిఖీ చేయు బాధ్యత మాకు అప్పగింపబడినది. ఒక శాఖ సామగ్రిని వేరొక శాఖ అధ్యాపకుడు సరిచూచుట రివాజు గనుక, ఛందస్సు చెప్పుకొను మాకు మైక్రోప్రాసెసర్లతో పని కలిగినది. పనికిరాని వస్తువుల పట్టికలో మొట్టమొదట విండోస్ ఎక్స్‌పి మీద నడచు ఒక పాత కంప్యూటరు ఉన్నది. దానిని తుక్కు క్రింద అమ్మివేయుటకు సంతకము చేయబోవుచుండగా ప్రయోగశాల సహాయకుడు అడ్డు వచ్చి, "సార్, అది పోతే ఈ చిప్పుల పెట్టె పనిచేయదు. పెట్టె లేకపోతే కిట్లు మూలపడతాయి" అన్నాడు. మేము కలము ప్రక్కన పెట్టి, ఆ మాటలోని నిజానిజములు తెలిసికొనుటకు పదిదినములు ఆ గదిలోనే గడిపితిమి. అట్లు తెలిసికొన్నది విద్యార్థులకును, కమిటీవారికిని విన్నవించుకొనుచున్నాము.

మన ప్రయోగశాలలో 8085 మైక్రోప్రాసెసర్ అభ్యాస కిట్లు ఎనిమిది కలవు. ఇంటెల్ సంస్థ 1976లో వెలువరించిన ఈ ప్రాసెసరు తనంత తాను ఏమియు ఎరుగదు. మీట నొక్కినచో గ్రహించుటకును, అంకెలు వెలిగించుటకును అవసరమైన మానిటర్ ప్రోగ్రాము ప్రక్కనున్న ఈప్రామ్ అను చిప్పులో వ్రాయబడి యుండును. ఈప్రామ్‌ను 1971లో ఇంటెల్‌లోనే డోవ్ ఫ్రోమాన్ కనిపెట్టెను. నాటి మొదటి చిప్పు, 1702, పట్టినది 256 బైట్లు మాత్రమే. దీని కిటుకు చిత్రమైనది. నలువైపుల బంధింపబడిన ఒక సూక్ష్మమైన గేటులోనికి హెచ్చు వోల్టేజితో ఎలక్ట్రానులను నెట్టుదురు. విద్యుత్తు తీసివేసినను అవి అందే చిక్కుకొని యుండును. అట్లు నిండిన గది సున్న, ఖాళీ గది ఒకటి. చెరుపవలెనన్నచో చిప్పు నెత్తిమీది గాజు కిటికీ గుండా అతినీలలోహిత కిరణములను పావుగంట, ఇరువది నిమిషములు ప్రసరింపజేయవలెను. ఆ కిటికీపై అంటించిన కాగితపు ముక్కను అందము కొరకని తలచి గీకివేయు విద్యార్థులు గమనింతురు గాక!

అయితే ఆ చెర శాశ్వతము కాదు. ఏండ్లు గడచినకొలది ఎలక్ట్రానులు మెల్లమెల్లగా జారిపోవును, సున్నలు ఒకట్లగును. కావున చిప్పులోని విషయమును ముందే చదివి భద్రపరచవలెను, అవసరమైనపుడు తిరిగి వ్రాయవలెను. ఈ రెండు పనులను చేయునదే ప్రోగ్రామర్ అను పెట్టె. వ్రాయుట నెమ్మదిపని. పాత 2716 చిప్పులో ఒక్కొక్క బైటుకు 25 వోల్టులతో 50 మిల్లీసెకండ్ల స్పందన మీయవలెను. 2048 బైట్లకు నూరు సెకండ్ల పైమాట.

మన పెట్టె కంప్యూటరు వెనుకనుండు ప్రింటర్ పోర్టునకు తగిలించునది. డాస్, విండోస్ 98 కాలమున ఏ ప్రోగ్రామైనను ఆ పోర్టు చిరునామాకు, అనగా పదహారు అంకెల లెక్కలో 378కి, సరాసరి సంఖ్యను పంపెడిది. వెంటనే ఎనిమిది తీగలపై వోల్టేజి లేచుటయో పడుటయో జరిగెడిది. నడుమ అడుగువారు లేరు. విండోస్ ఎన్‌టి వంశము (1993), దాని సంతతియైన ఎక్స్‌పి (2001) ఈ స్వేచ్ఛను తొలగించినవి. సామాన్య ప్రోగ్రాము పోర్టును తాకరాదు. కెర్నల్ లోపల కూర్చుండు డ్రైవరు ద్వారా అడుగవలెను. మన పెట్టె తయారీదారు అట్టి చిన్న డ్రైవరు నొకదానిని ఇచ్చియుండుటచే ఎక్స్‌పిలో పని సాగినది. తరువాత వచ్చిన 64 బిట్ల విస్టా (2007), గుర్తింపు పొందిన డిజిటల్ సంతకము లేని కెర్నల్ డ్రైవరును లోనికి రానీయలేదు. 16 బిట్ల పాత ప్రోగ్రాములనైతే 64 బిట్ల విండోస్ అసలు నడుపనే నడుపదు. 2016 నాటి విండోస్ 10 సవరణతో కొత్త డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ సంతకమే కావలసివచ్చినది. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు.

ఈ కట్టుబాట్లను మేము తప్పు పట్టము. ఎవరు పడితే వారు కెర్నల్‌లోనికి చొరబడు ఇంట దొంగ కూడ చొరబడును. మా ఫిర్యాదు పెట్టె చేసినవారి మీదనే. కొత్త డ్రైవరు వ్రాయరు, తమ పెట్టెతో మాటలాడు పద్ధతిని ఇతరులకు తెలుపరు.

ఒక విద్యార్థి బజారునుండి యుఎస్‌బి ప్రింటర్ తీగను కొనితెచ్చెను. శ్రద్ధ మెచ్చదగినదే గాని ఆ తీగ ప్రింటరుకు కాగితపు సమాచారము నందించుటకే పుట్టినది. 378 అను చిరునామా దానికి లేదు, తీగలను ఒక్కొక్కటిగా లేపుట, దింపుట దానికి చేతకాదు. కొత్త కంప్యూటరులో కొత్త పోర్టు కార్డు నమర్చినను దాని చిరునామా వేరుగా నుండుట కద్దు. అప్పుడు పాత సాఫ్ట్‌వేరు ఖాళీ ఇంటి తలుపు తట్టినట్లే. కొత్త విండోస్‌లో కృత్రిమ యంత్రము నేర్పరచి, అందు ఎక్స్‌పి నడిపినను, క్రింద అసలు పోర్టు లేనిదే పెట్టె పలుకదు.

మా ఇంట తాతగారి కాలపు భూమి పత్రములు కలవు. నిజాం కాలపు రెవెన్యూ ఉర్దూ, పైగా షికస్తా వ్రాత. కాగితము చెక్కుచెదరలేదు, సిరా వెలయలేదు. చదువగల పెద్దలు గతించిరి. అనువదింపజేయుటకు మేము రెండేండ్లు తిరిగితిమి. ప్రయోగశాలలో ఆ పత్రములు మాటిమాటికి జ్ఞప్తికి వచ్చినవి.

అందుచే పాత యంత్రమును నెట్‌వర్కునుండి వేరుచేసి, ఎనిమిది చిప్పులను ఒక్కొక్కటి మూడేసిసార్లు చదివించితిమి. ఆరు చిప్పులు మూడుసార్లును ఒకే మాట చెప్పినవి, ఒకదానితో నొకటియు సరిపోయినవి. తక్కిన రెండు చదివిన ప్రతిసారి కొన్ని చోట్ల మాట మార్చినవి. మార్చిన చోటులన్నియు సున్న ఉండవలసిన గదులే! సరిపోయిన పాఠమును ఇంటెల్ హెక్స్ రూపమున దాచితిమి. ఇది వట్టి అక్షరముల ఫైలు గనుక ఏ ఆపరేటింగ్ సిస్టమైనను తెరువగలదు. ప్రతి పంక్తి ద్విబిందువుతో మొదలగును. తరువాత బైట్ల సంఖ్య, చిరునామా, రకము, సమాచారము, తుదను సరిచూపు బైటు. ఆ బైట్లన్నియు కూడి, 256 చేత భాగించినచో శేషము సున్న రావలెను. బి.ఎస్సీ. విద్యార్థులు కొన్ని పంక్తులను కాగితముపై కూడి సరిచూచిరి. పిమ్మట ఆ రెండు చిప్పులను చెరిపి, తిరిగి వ్రాయగా కిట్లు రెండును వెలిగినవి.

పాత కంప్యూటరు పేరును పట్టికనుండి కొట్టివేసితిమి. అయినను దాని హార్డ్ డిస్కు శబ్దము మారినది, ఎన్నాళ్ళుండునో చెప్పలేము. కొత్త ప్రోగ్రామరు కొనుటకు కమిటీవారికి దరఖాస్తు సమర్పించితిమి. యుఎస్‌బి ద్వారా నడచునదియు, లినక్స్ మీద మినిప్రో వంటి బహిరంగ సాఫ్ట్‌వేరుతో కూడ పనిచేయునదియు కావలెనని అందు వ్రాసితిమి. మన కిట్లలోని చిప్పు సంఖ్య దాని జాబితాలో నున్నదో లేదో, దానికి కావలసిన వోల్టేజిని అది ఈయగలదో లేదో కొనకముందే చూడవలెను. కొనుగోలు జరుగువరకు పాత యంత్రమును తుక్కువానికి చూపరాదని మనవి. హెక్స్ ఫైలు ప్రతులు రెండు చేసితిమి. ఒకటి ప్రయోగశాల బీరువాలోను, ఒకటి గ్రంథాలయములోను ఉన్నవి.