విక్టోరియా గేటు వెనుక విజయనగరం దానం

దాతల పేర్లు పలకపై చెక్కించాలా, వద్దా? మన సొసైటీ సమావేశాల్లో ఈ మాట వచ్చిందంటే తెల్లవార్లూ తెగదు. పేరు కోసం ఇస్తే అది రియా అవుతుందని పెద్దలంటారు. పేరు కనబడితేనే మరో నలుగురు ముందుకొస్తారని చందాలకు తిరిగే కుర్రాళ్లంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఈ తగవు మనకంటే ముందే అలీగఢ్‌లో ఎలా నడిచిందో చూద్దాం.

అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో సర్ సయ్యద్ హాల్‌కు ప్రధాన ద్వారం విక్టోరియా గేటు. పైన గడియారం ఉంటుంది. కట్టింది 1914లో. అప్పటికి రాణి పోయి 13 ఏళ్లు, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ పోయి 16 ఏళ్లు. గేటుకు రాణి పేరు పెట్టారు గాని, దాని వెనుకనున్న గోడలకు డబ్బిచ్చినవాళ్లు వేరు.

1875 మే 24న అక్కడ ఒక బడి మొదలైంది. 1877 జనవరి 8న కాలేజీకి వైస్రాయ్ లార్డ్ లిట్టన్ శంకుస్థాపన చేశారు. రాయి వేయడం ఒక పూట పని. గోడ లేపడమే కష్టం. సర్ సయ్యద్ జోలె పట్టారు. సంతలో పుస్తకాల దుకాణం పెట్టారు. తెల్లగడ్డంతో నాటక వేదిక కూడా ఎక్కారు, ఎంతమంది నవ్వుకున్నారో! 25 రూపాయలిచ్చినవారి పేరు ప్రహరీగోడలో ఒక భాగంపై చెక్కించారు. అంతకంటే పెద్ద మొత్తాలిచ్చినవారి పేర్లు గదులకెక్కాయి.

ఆ దాతల్లో హిందువులూ ఉన్నారు. పటియాలా మహారాజాతో పాటు మన విజయనగరం మహారాజా కూడా ఇచ్చారు. 1857లో మన ఊళ్లో మొదలై 1879లో మహారాజా కళాశాలగా ఎదిగిన బడి కూడా ఆ సంస్థానం చలవే. అందులో చదివిన మన తాతలకు ఆ దానం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

దానం చాటుగా ఇచ్చినా, పదిమందిలో ఇచ్చినా మంచిదేనని, పేదలకు చాటుగా ఇవ్వడం ఇంకా మేలని బఖరా సూరా చెబుతోంది. కనుక ఇరుపక్షాలకూ చోటుంది.

అందుకే ఈ ఏడు విద్యార్థి వసతిగృహం ప్రహరీ చందా రసీదులో రెండు గడులు వేయించాం: ‘పేరు చెక్కండి’, ‘పేరు వద్దు’. ఏ గడీ నింపకపోతే వద్దన్నట్టే తీసుకుంటాం.