బాటకూ హక్కు ఉంది

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దాని భావం ఇది: దైవప్రవక్త (స) తమ సహచరులను బాటల మీద కూర్చోవద్దని వారించారు. మాట్లాడుకోవడానికి తమకు అంతకు మించిన చోటు లేదని సహచరులు విన్నవించుకున్నారు. అయితే బాటకు దాని హక్కు చెల్లించమని ఆయన ఆదేశించారు. బాట హక్కు ఏమిటని వారు అడిగారు. చూపులు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ఆజ్ఞాపించి చెడును వారించడం అని ఆయన వివరించారు.

ఈ హదీసులో రెండు విషయాలు ప్రత్యేకంగా గమనించదగ్గవి. మొదటిది, తల్లిదండ్రులకు, పొరుగువారికి, అనాథలకు హక్కులున్నట్లే నోరులేని బాటకు కూడా హక్కు ఉంది. రెండవది, "వేరే చోటు లేదు" అనే సాకు ఈనాటిది కాదు. సహచరులు కూడా ఆ మాట చెప్పుకున్నారు. దైవప్రవక్త (స) వారి అవసరాన్ని కాదనలేదు. కాని ఎవరికీ బాధ కలగకూడదనే షరతు పెట్టారు. బాట పక్కన కూర్చునే మనిషికే ఇన్ని షరతులుంటే, పాదచారుల దారికి అడ్డంగా మనం నిలిపే కారు సంగతేమిటి?

ధర్మపురిలో ఒక జుమా

ఈ విషయం రాయడానికి ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక శుక్రవారం జుమా ప్రసంగం కోసం జగిత్యాల నుంచి ఒక మిత్రుని కారులో ధర్మపురి వెళ్ళాము. బయలుదేరడమే ఆలస్యమైంది. పట్టణంలో రోడ్డు పక్కన జనం నడిచే చోట అప్పటికే నాలుగైదు వాహనాలు నిలిపి ఉన్నాయి. "మౌలానా, ఇక్కడే పెట్టేద్దామా?" అని మిత్రుడు అడిగారు. "పెట్టేయండి, టైమవుతోంది" అన్నాము. ఆ రోజు మా ప్రసంగ విషయం పొరుగువారి హక్కులు.

నమాజు ముగించుకుని బయటికి వచ్చేసరికి ఒక ముసలమ్మ బీడీల గంప నెత్తిన పెట్టుకుని, మనవడి చేయి పట్టుకుని వస్తోంది. వరుసగా వాహనాలు అడ్డు ఉండడంతో రోడ్డు మీదికి దిగింది. అదే సమయంలో వెనుక నుంచి ఒక లారీ హారన్ కొడుతూ దూసుకువచ్చింది. ఆమె పిల్లవాణ్ణి లాక్కుని మా కారుకు ఆనుకుని నిలబడిపోయింది. గంపలోని కట్టలు కొన్ని కిందపడ్డాయి. మేము పరుగున వెళ్ళి ఏరి ఇస్తూ, "పెద్దమ్మా, దెబ్బ తగిలిందా?" అని అడిగాము. "ఏం గాలే సాబూ. నమాజుకచ్చినోళ్ల బండ్లు గదా, ఏమంటం?" అన్నది.

ఆమె కోపగించుకుని ఉంటే మాకు అంత బాధ కలిగేది కాదు. నమాజు మీద గౌరవంతో ఆమె తన హక్కును వదులుకుంది. మేము అదే నమాజు పేరుతో ఆమె హక్కును కాజేశాము. "తప్పు మాదే పెద్దమ్మా, ఈ కారు మాదే" అన్నాము. "జర పక్కకు పెట్టుకోన్రి" అని నవ్వి వెళ్ళిపోయింది. ఆ రోజు మిన్బర్ మీద మేము చెప్పిన మాటలన్నిటికన్నా ఆ ఒక్క మాట బరువైనదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఫిఖహ్ ఏమంటోంది?

కార్ల గురించి పాత గ్రంథాల్లో ఏముంటుందని కొందరు అనుకుంటారు. ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) హిజ్రీ 593లో, అంటే క్రీ.శ. 1197లో పరమపదించారు. ఆయన 'హిదాయా' ఈనాటికీ మన మద్రసాల్లో పాఠ్యగ్రంథం. అందులో బాట మీద మనిషి కల్పించే అడ్డంకుల గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఎవరైనా రాజమార్గం మీదికి మరుగుదొడ్డి గాని, తూము గాని, అరుగు గాని పెంచితే దాన్ని తొలగించమనే అధికారం సామాన్య జనంలో ప్రతి ఒక్కరికీ ఉంటుందని అక్కడ వివరించారు. దానివల్ల ఎవరైనా పడి చనిపోతే రక్తపరిహారం బాధ్యత కూడా వస్తుంది.

మన విషయానికి ఇంకా దగ్గరగా ఉన్న మసలా మరొకటి ఉంది. స్వారీ చేస్తుండగా జంతువు వెనుక కాలితో తన్నితే రౌతు మీద బాధ్యత లేదు. ఎందుకంటే నడిచే జంతువు తన్నకుండా ఆపడం అతని చేతిలో లేదు. కాని అతను దాన్ని దారిలో నిలిపి ఉంచినప్పుడు అది తన్నితే నష్టపరిహారం అతనే చెల్లించాలి. ఎందుకని? తన్నడాన్ని ఆపలేకపోయినా, దారిలో నిలపకుండా ఉండడం అతని చేతిలోనే ఉంది గనుక. దారిని ఆక్రమించి నిలపడమే అతిక్రమణ అయింది.

పాఠకులు ఈ సూత్రాన్ని శ్రద్ధగా గమనించాలి. లారీ నడిపేది మనం కాదు, గుద్దేది మన కారు కాదు. అయినా పాదచారిని లారీ ముందుకు నెట్టింది మనం నిలిపిన కారే. మనం దాన్ని అక్కడ నిలపకుండా ఉండగలిగేవాళ్ళమే.

దారి వెడల్పు గురించి తగాదా వస్తే ఏడు మూరలు వదలాలన్న హదీసు కూడా ఉంది. అంటే సుమారు పది అడుగులు. మోటార్లు లేని కాలంలోనే దైవప్రవక్త (స) రాకపోకల కోసం ఇంత జాగా కేటాయించారు. అబూదావూద్‌లో మరో సంఘటన ఉంది. ఒక దండయాత్రలో జనం ఇష్టం వచ్చినట్లు గుడారాలు వేసి దారిని ఇరుకు చేశారు. అప్పుడు దైవప్రవక్త (స) చాటింపు వేయించారు. ఇతరుల విడిదిని ఇరుకు చేసినవారికి, దారిని అడ్డగించినవారికి జిహాద్ పుణ్యం లేదన్నది దాని భావం. జిహాద్ అంతటి ఆరాధన పుణ్యమే దారి అడ్డగించడం వల్ల చేజారిపోతే, మన జుమా గురించి మనం భయపడవద్దా?

మనం చెప్పుకునే సాకులు

"ఐదు నిమిషాలే కదా" అంటారు. ఆ ముసలమ్మకు లారీ ఎదురైంది ఐదు క్షణాల్లో. ఆపదకు ఐదు నిమిషాలు అక్కర్లేదు.

"మా ఇంటి ముందే కదా పెట్టుకున్నాం" అంటారు. ఇల్లు మనది. ఇంటి ముందున్న కాలిబాట మనది కాదు. పరుల భూమిని జానెడు ఆక్రమించినా ప్రళయదినాన ఏడు భూముల మేర మెడకు చుట్టబడుతుందన్న హెచ్చరిక సహీ హదీసుల్లో వచ్చింది. కారు ఆక్రమించేది జానెడు కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కాలిబాటలో నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలి. మామూలు కారు వెడల్పు సుమారు 1.7 మీటర్లు. ఇక మిగిలేది ఎంత? అందులోంచి చక్రాల కుర్చీ పోతుందా? పాపను ఎత్తుకున్న తల్లి పోగలదా? చేతికర్రతో తడుముకుంటూ వచ్చే అంధుడు ఏం చేయాలి?

"నమాజు కోసమే కదా" అనే సాకు అన్నిటికన్నా ప్రమాదకరమైనది. హజ్రత్ ఉమర్ (రజి) బలిష్ఠులు. హజ్రె అస్వద్ దగ్గర జనాన్ని తోసి బలహీనులను బాధించవద్దని దైవప్రవక్త (స) ఆయనకు బోధించారు. దీని ఆధారంగానే ఫుఖహా ఒక నియమం చెప్పారు: హజ్రె అస్వద్‌ను తాకడం సున్నత్, తోటివారికి బాధ కలగకుండా చూడడం వాజిబ్. సున్నత్ కోసం వాజిబ్‌ను వదలకూడదు. కాబా గృహం ముందే ఈ నియమం వర్తిస్తే మన వీధి మస్జిదు ముందు వర్తించదా? జనం నడిచే దారిలో నమాజు చేయడం కూడా మక్రూహ్ అని ఫుఖహా రాశారు. అలాంటప్పుడు మన కారుకు మినహాయింపు ఎక్కడిది?

చట్టం, ఒడంబడిక

మోటారు వాహనాల చట్టం (1988) 122వ సెక్షన్ ప్రకారం, ఇతరులకు ప్రమాదం గాని, అడ్డంకి గాని కలిగేలా బహిరంగ స్థలంలో వాహనాన్ని వదలడం నేరం. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు కాలిబాట మీద, సైకిల్ బాట మీద వాహనం నిలపరాదని స్పష్టం చేశాయి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, కాలిబాట మీద సురక్షితంగా నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. లైసెన్సు తీసుకున్నప్పుడే ఈ నిబంధనలు పాటిస్తామని మనం ఒప్పుకున్నాం. ఒడంబడికలను నెరవేర్చమన్నది దివ్య ఖుర్ఆన్ ఆదేశం. అందుకే నేటి ఉలమాలు ట్రాఫిక్ నిబంధనల పాలనను షరీఅత్ బాధ్యతగా కూడా చూస్తున్నారు.

ఇది చిన్న విషయం కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 32,825 మంది పాదచారులు ప్రాణాలు కోల్పోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. లండన్ నగరంలో కాలిబాట మీద కారు నిలపడాన్ని 1974 నాటి చట్టంతోనే నిషేధించారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ బాట వేశారు. ధర్మపురిలో, కోరుట్లలో, సిరిసిల్లలో అలాంటివి లేవు. మన దగ్గర బడికి పోయే పిల్లల సైకిలుకైనా, పనికి పోయే కార్మికుని సైకిలుకైనా రోడ్డు అంచే సైకిల్ బాట, అదే కాలిబాట. దాన్ని కూడా మనం ఆక్రమిస్తే వారికి మిగిలేది లారీల దారి మాత్రమే. ధర్మపురి మీదుగా పోయేది 63వ నంబరు జాతీయ రహదారి అని మరవకూడదు.

గోదావరి పుష్కరాలు 2015 జూలై 14 నుంచి 25 వరకు జరిగాయి. ఆ మధ్యలో జూలై 18న మనకు రంజాన్ పండుగ వచ్చింది. ధర్మపురి దారులన్నీ వాహనాలతో నిండిపోయిన రోజులవి. దారి మూసుకుపోతే రోగులు, వృద్ధులు, పిల్లలు ఎంత అవస్థ పడతారో ఈ ప్రాంత ప్రజలకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2027లో మళ్ళీ పుష్కరాలు రానున్నాయి. ఆ రోజుల్లో కాలినడకన వచ్చే లక్షలాది మందికి మన ఇంటి ముందు, దుకాణం ముందు దారి ఖాళీగా ఉంచడం కూడా పొరుగువారి హక్కే.

క్షమాపణ ఎవరిని అడుగుతాం?

ఒక విషయం బాగా ఆలోచించాలి. అల్లాహ్ హక్కుల్లో లోపం జరిగితే తౌబా ద్వారం తెరిచే ఉంది. దాసుల హక్కుల్లో లోపం జరిగితే ఆ దాసుడే క్షమించాలి. అప్పు ఎగవేసినవాడికి అప్పిచ్చిన మనిషి తెలుసు. చాడీ చెప్పినవాడికి తాను ఎవరిని నిందించాడో తెలుసు. వారి కాళ్ళు పట్టుకుని క్షమాపణ వేడుకోవచ్చు. కాని గంటసేపు దారికి అడ్డంగా కారు పెట్టినవాడు ఎవరిని వెతుక్కుంటాడు? ఎంతమంది రోడ్డు మీదికి దిగారో, ఎంతమంది మనసులో శపించారో అతనికి తెలియదు. నమాజులు, రోజాలు, జకాత్‌లతో వచ్చి కూడా జనం హక్కుల కింద తన పుణ్యాలన్నీ పంచి ఇచ్చేసి దివాలా తీసే మనిషి గురించి దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ రోజు మన ముందు బారులు తీరేవారిలో పేరు తెలియని బాటసారులు కూడా ఉంటే మన గతేమిటి?

ఆచరణకు కొన్ని మాటలు

మొదట, నడవగలిగిన దూరమైతే నడిచి వెళదాం. జుమా రోజు గుసుల్ చేసి, పెందలాడే బయలుదేరి, వాహనమెక్కకుండా నడిచి వెళ్ళేవానికి ప్రతి అడుగుకూ ఒక ఏడాది ఉపవాసాల, నమాజుల పుణ్యం లభిస్తుందన్న శుభవార్త హదీసులో ఉంది. బనూ సలమా తెగవారు మస్జిదె నబవీ దగ్గరికి ఇళ్ళు మార్చుకోవాలనుకుంటే, ఉన్నచోటనే ఉండమనీ వారి అడుగులు నమోదవుతాయనీ దైవప్రవక్త (స) చెప్పారు.

రెండవది, వాహనం తప్పనిసరైతే పావుగంట ముందు బయలుదేరి, కాస్త దూరమైనా ఖాళీ స్థలంలో నిలిపి నడుద్దాం. ఆ నడకకు కూడా పుణ్యమే.

మూడవది, మస్జిదు కమిటీలు ఈ బాధ్యత స్వీకరించాలి. ప్రతి జుమాకు ఇద్దరు యువకులను బయట నిలబెట్టి, వాహనాలను సరైన చోటికి పంపాలి. ఖుత్బాకు ముందే ఇమామ్ గారు ఒక మాట చెప్పాలి. షాదీఖానాల్లో వివాహాలు జరిగినప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించాలి.

నాలుగవది, పిల్లలకు చూపించి నేర్పాలి. దారిలో ముల్లు, రాయి తొలగించడం విశ్వాస శాఖల్లో ఒకటని వారికి కంఠస్థం చేయిస్తాం. వారి కళ్ళ ముందే మనం కారును కాలిబాట ఎక్కిస్తే వారు ఏ పాఠం నేర్చుకుంటారు?

ముళ్ళకొమ్మ తొలగించినందుకు ఒక మనిషికి అల్లాహ్ స్వర్గం ప్రసాదించాడు. అతనికి ఆ దారిన పోయేవారు ఎవరో తెలియదు. మన దారిన పోయేవారు ఎవరో మనకు తెలుసు: బీడీల గంపతో పోయే అమ్మ, సైకిల్ మీద బడికి పోయే పాప, చేతికర్రతో వచ్చే తాత. వారిలో ముస్లిం ఎవరు, ముస్లిమేతరుడు ఎవరు అని బాట అడగదు. మనమూ అడగకూడదు.

ఓ అల్లాహ్! మా వల్ల నీ దాసుల దారి ఇరుకు కాకుండా కాపాడు. తెలిసీ తెలియక మేము బాధించిన బాటసారుల మనసుల్లో మా పట్ల క్షమాగుణం కలిగించు. మమ్మల్ని సన్మార్గాన నడిపించు. ఆమీన్!