శిఖండి జావాకు వెళ్లాక

భారతం పాఠంలో శిఖండి పేరు వచ్చిందంటే చాలు, మన క్లాసులో వెనక బెంచీల నుంచి నవ్వులు వినిపిస్తాయి. మనకు అదొక తిట్టుమాట కదా! కానీ ఇండోనేషియాలోని జావా దీవిలో అదే పేరు ఆడవాళ్లకు బిరుదు. అలా ఎందుకయిందో తెలియాలంటే అక్కడి తోలుబొమ్మలాట గురించి కొంచెం తెలుసుకోవాలి.

ఆ ఆట పేరు వయాంగ్ కులిత్. కులిత్ అంటే తోలు. క్రీ.శ. 907 నాటి జావా శాసనంలోనే భీముడి కథతో వయాంగ్ ఆడిన ప్రస్తావన ఉంది. రామాయణ, భారతాలే వాళ్లకు ముఖ్యమైన కథలు. 2003లో యునెస్కో ఈ కళకు గుర్తింపు ఇచ్చింది.

మన ఆంధ్ర తోలుబొమ్మ తోలు పలచన. దీపం వెలుగు దాని గుండా వచ్చి, రంగులు తెర మీద కనబడతాయి. జావా బొమ్మ అలా కాదు. అది మందమైన గేదె తోలు. నానబెట్టి, చట్రానికి బిగించి, ఎండబెట్టి, గీకి నున్నగా చేస్తారు. దాని గుండా వెలుగు పెద్దగా రాదు. అందుకే రకరకాల చిన్న ఉలులతో సన్నని రంధ్రాలు కొడతారు. నగలు, బట్టల అంచులు, జుట్టు అన్నీ ఆ రంధ్రాలతోనే ఏర్పడతాయి. ముఖం మాత్రం చివర్లో చెక్కుతారు. తర్వాత రెండు వైపులా రంగులు, బంగారు పూత వేస్తారు. నీడకి రంగెందుకు అంటారా? అక్కడ తెరకు రెండు వైపులా కూర్చుని చూస్తారు మరి! చివరికి గేదె కొమ్ముతో చేసిన కాడ బిగిస్తారు.

బొమ్మలను ఆడించేది ఒక్కరే. ఆయన్ని దలాంగ్ అంటారు. రాత్రి మొదలుపెట్టి తెల్లవారేదాకా లేవకుండా అన్ని పాత్రల గొంతులూ ఆయనే పలుకుతాడు, గామెలాన్ వాద్యబృందాన్నీ ఆయనే నడిపిస్తాడు. ఆ సమయానికి అక్కర్లేని బొమ్మలను తెర కింద అరటి బోదెకు వరసగా గుచ్చి ఉంచుతాడు.

ఈ బొమ్మలకు కదిలేవి చేతులే. తల తిరగదు, కళ్లు ఆడవు. కాబట్టి పాత్ర స్వభావమంతా చెక్కేటప్పుడే తేలిపోవాలి. సన్నని కళ్లుంటే సౌమ్యులు, గుడ్లు గుండ్రంగా ఉంటే మొరటువాళ్లు లేదా మహాబలులు. తల ఎంత వంచారన్నది కూడా ముఖ్యమే. అర్జునుడి భార్య సుభద్ర తల బాగా వంచుకుని ఉంటుంది. ఆయన ఇంకో భార్య శ్రీకండి మాత్రం ముఖం పైకెత్తి సూటిగా చూస్తుంది.

ఈ శ్రీకండి ఎవరో కాదు, మన శిఖండే! వ్యాసభారతంలో ద్రుపదుడికి కూతురిగా పుట్టి, యక్షుడి వల్ల మగవాడవుతాడు. భీష్ముడి ఎదుట నిలబడితే, వెనక నుంచి అర్జునుడు బాణాలు వేస్తాడు. వయాంగ్‌లో ఆమె చివరిదాకా స్త్రీయే. అర్జునుడి దగ్గర విలువిద్య నేర్చుకుని, భీష్ముణ్ణి తన బాణంతోనే పడగొడుతుంది. ఎవరికీ అడ్డుతెర కాదు.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఇండోనేషియాకు మొట్టమొదటి పతకం తెచ్చింది ముగ్గురు ఆడపిల్లలు, అదీ విలువిద్యలో. వాళ్ల కథతో 2016లో సినిమా వచ్చింది. దాని పేరు 'ముగ్గురు శ్రీకండిలు' అనే అర్థం వచ్చేదే.

జావావాళ్లు తోలునే కాదు, మన దగ్గర నుంచి వెళ్లిన కథను కూడా తమ ఉలితో చెక్కుకున్నారు. పాత్ర ఒక్కటే, పేరూ దాదాపు ఒక్కటే. మనం దాన్ని తిట్టుగా మార్చాం, వాళ్లు బిరుదుగా మార్చుకున్నారు. ఈసారి క్లాసులో ఆ పేరు వచ్చినప్పుడు, నవ్వే ముందు తలెత్తి చూసే ఆ బొమ్మను ఒక్కసారి గుర్తు చేసుకుందామా?