డేలిల్లీ: ఒక్కరోజు పువ్వు మన ఎండకు తట్టుకోవాలంటే

మా పెరట్లో డేలిల్లీల వీడియో పైన పెట్టాను. అందులో టైం చాలక చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక విషయం. దండల్లో కట్టే లిల్లీ వేరు, ఇది వేరు. దండల లిల్లీ అంటే నేలసంపెంగ, దుంపతో పెరుగుతుంది. డేలిల్లీకి అలాంటి దుంప ఉండదు. లావుపాటి వేర్లు, గడ్డిలాంటి పొడవాటి ఆకులు ఉంటాయి. దీని శాస్త్రీయ నామం హెమెరోకాలిస్, అంటే గ్రీకులో 'ఒకరోజు అందం'. పొద్దున విచ్చిన పువ్వు రాత్రికి ముడుచుకుపోతుంది. అయితే ఒక్కో కాడకు చాలా మొగ్గలు ఉంటాయి కాబట్టి రోజూ ఏదో ఒకటి విచ్చుకుంటూనే ఉంటుంది.

ఇక నా తప్పు. అగ్రికల్చర్ డిప్లొమా చదివినోడిని, పూల మొక్కలు ఎంత పని అనుకున్నా. పది మొక్కలు తెప్పించి ఫిబ్రవరిలో పడమటి గోడ వారన నాటాను. 'రోజంతా ఎండ కావాలి' అని ఎక్కడో చదివాను. అది చల్లటి దేశాల వాళ్లకు రాసిన మాట! మన అర్ధవీడు ఎండకు, గోడ వేడికి ఏప్రిల్‌లోనే ఏడు పోయినాయి. బతికిన మూడూ మునగచెట్టు నీడ పడే వైపు ఉన్నవే.

దానికి తోడు మా అమ్మ: "తాగే నీళ్లకి ట్యాంకర్ కోసం ఎదురుచూస్తంటే, ఒక్కరోజు పువ్వుకి బిందెలు బిందెలు పోస్తావేందిరా?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి మంచినీళ్లు పోయడం మానేశా. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లే ఆ మూడు మొక్కలకు మళ్లించాను. వాటితోనే వేసవి గట్టెక్కాయి.

ఇప్పుడు నేను చేస్తున్న పద్ధతి ఇది:

1. రకం: ఏడాదంతా ఆకు పచ్చగా ఉండే రకమే అడగండి. చలికాలం ఆకు రాల్చి నిద్రపోయే రకాలకు బాగా చలి కావాలి, మన దగ్గర సరిగా రావు.

2. నాటడం: వానలు పడ్డాక నాటండి. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉండాలి. మొక్కకు మొక్కకు అడుగున్నర దూరం. వేరు, ఆకు కలిసే మొదలు మట్టిలో అంగుళం లోతు మించకూడదు, మించితే కుళ్లుతుంది. నల్లరేగడి అయితే మడి కాస్త ఎత్తు చేయండి.

3. పోషణ: పది లీటర్ల నీళ్లలో లీటరు జీవామృతం కలిపి 15 రోజులకోసారి మొదట్లో పోస్తాను. కంది పొట్టు మందంగా ఆచ్ఛాదన వేస్తే తడి ఆరదు. పేనుబంక కనిపిస్తే నీమాస్త్రం చాలు.

4. నీళ్లు: వాటర్ ప్లాంట్ల దగ్గర బయటికి వదిలేసే నీళ్లు మాత్రం పోయొద్దు. అందులో ఉప్పు ఎక్కువ, ఆకు కొనలు మాడిపోతాయి.

5. పిలకలు: మూడు నాలుగేళ్లకు గుబురు ఒత్తుగా అయితే పూలు తగ్గుతాయి. తవ్వి విడదీసి, ఆకులు సగానికి కోసి మళ్లీ నాటండి.

ఒక హెచ్చరిక. చైనా వంటల్లో డేలిల్లీ మొగ్గలు వాడతారని విని, ప్రతి 'లిల్లీ'నీ నోట్లో పెట్టుకోవద్దు. మన నల్లమల అంచుల్లో, కంచెల మీద పాకే అడవినాభిని కూడా కొందరు లిల్లీ అంటారు. అందులో కొల్చిసిన్ అనే విషం ఉంది, ప్రాణం తీస్తుంది. పిల్లలున్న ఇళ్లలో మరీ జాగ్రత్త.

వ్యాపారం సంగతి అడుగుతారేమో. ఒక్కరోజు పువ్వు మార్కెట్ దాకా నిలవదు. అమ్మదగ్గవి పిలకలే. పూలు మాత్రం ఇంటికే. మొన్న పొద్దున చూస్తే మొదటి పువ్వు దేవుడి పటం దగ్గర ఉంది. నేను కోయలేదు. అమ్మను అడిగితే, "ఎట్లాగూ సాయంత్రానికి పోయేదేగా" అంది.

ఈ వానలకు మీరూ రెండు మొక్కలతో మొదలుపెట్టండి. పది వద్దు. పిలకలు విడదీయడం వచ్చే వీడియోలో చూపిస్తాను. ఉంటానండి.